నేర్పేవాళ్లు, నడిపేవాళ్లు

ఒక కళాకేంద్రంలో ఎవరి మాట చెల్లాలి? డోలు, కిక్రి చేతబట్టినవాళ్లదా, తాళంచెవి, రిజిస్టరు దగ్గర పెట్టుకున్నవాళ్లదా? ఇద్దరూ కావాలనడం తేలికే. ఇద్దరి మధ్య తేడా వచ్చినప్పుడు ఎవరు వెనక్కి తగ్గాలన్నదే అసలు ప్రశ్న. మన గూడేల్లో, తండాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో కళా బృందాలు పెట్టుకుంటున్న ఈ రోజుల్లో దీన్ని దాటేసి పోలేం.

సిద్దిపేట నుంచి మొదలుపెడదాం. చిత్రకారుడు కాపు రాజయ్య గారు (1925–2012) ఆ ఊరివారే. బతుకమ్మ, బోనాలు, గొల్లభామలు, కాయకష్టం చేసుకునే ఆడవాళ్లు ఆయన బొమ్మల్లోకి వచ్చారు. పేరు వచ్చాక కూడా పెద్ద నగరానికి తరలిపోకుండా సిద్దిపేటలోనే ఉండి, అక్కడే లలిత కళా సమితిని నడిపారు. ఆయన ఎవరిని చూసి బొమ్మలు గీశారో, వాళ్ల నడుమనే బతికారు. బొమ్మ తేడాగా ఉంటే బజారులో ఎదురుపడిన మనిషి అడగగలడు. నేర్పేవాడికి ఉండవలసిన మొదటి గుణం ఇదేనని నాకనిపిస్తుంది. అతన్ని అడిగేవాళ్లు అతనికి అందుబాటులో ఉండాలి.

అదే జిల్లాలో చేర్యాల ఉంది. 2016లో జిల్లాలు మారకముందు అది వరంగల్ జిల్లాలో ఉండేది. అక్కడి నకాషీలు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, బంక పూసి, ఎర్రటి నేల మీద కులపురాణాలు గీస్తారు. ఆ పటం గోడకు వేలాడదీయడానికి పుట్టలేదు. కథ చెప్పేవాళ్లు దాన్ని ఊరూరా తీసుకుపోయి, ఒక్కో బొమ్మ చూపిస్తూ రాత్రంతా కథ చెప్పేవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, చాకలివారికి మడేలు పురాణం, మాదిగలకు జాంబ పురాణం. అంటే ఆ కళకు ముగ్గురు మనుషులు: గీసేవాడు, చెప్పేవాడు, వినేవాడు. గీసేవాడు తప్పు గీస్తే చెప్పేవాడు పట్టుకుంటాడు. చెప్పేవాడు తప్పు చెబితే వినే కులపెద్ద ‘ఇది మా కథ కాదు’ అంటాడు. ముగ్గురిలో ఎవరికీ పూర్తి పెత్తనం లేదు.

ఇవాళ పటం కొనేవాళ్లలో ఎక్కువమందికి ఆ కథ తెలియదు. రంగు నచ్చితే కొంటారు. కళాకారుడికి నాలుగు పైసలు రావడం మంచిదే, అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. కానీ ‘ఇది మా కథ కాదు’ అనే గొంతు మాత్రం తగ్గిపోయింది. కళాకేంద్రం పెట్టేవాళ్లు ముందుగా ఆలోచించవలసింది దీని గురించే. పాత కట్టుబాటులో ఉన్న ఆ అడిగే గొంతును కేంద్రంలో ఎక్కడ కూర్చోబెడతాం?

మన దగ్గరా ఇలాంటి ఏర్పాటే ఉంది. కోయల్లో డోలీలు గోత్రాల చరిత్రను, సమ్మక్క సారలమ్మల కథను పాడతారు. గోత్రానికో పడిగె ఉంటుంది. దాని మీది బొమ్మలే ఆ గోత్రపు చరిత్ర పుస్తకం. మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు అలాంటి డోలీ. చదువురాని ఆ మనిషికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఆయనకు అధికారం ఇచ్చింది ఆ బిరుదు కాదు. పాట విన్న గోత్రంవాళ్లు ‘అవును, ఇదే మా తాతల దారి’ అని తలూపడమే ఆయన అధికారం. బిరుదు చాలా ఆలస్యంగా వచ్చింది.

మార్లవాయికి చెందిన కనక రాజు గారి సంగతీ అంతే. దండారి రోజుల్లో గుస్సాడీ ఒంటికి బూడిద పూసుకుంటాడు, నెమలి ఈకల టోపీ పెట్టుకుంటాడు, ముగిసేదాకా స్నానం చేయడు. ఆ టోపీ గోండులకు పూజించే వస్తువు. రాజు గారు ఆ ఆటను 1981లో ఢిల్లీ గణతంత్ర వేడుకలకు తీసుకువెళ్లారు, ఎందరో కుర్రవాళ్లకు నేర్పారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో వెళ్లిపోయారు. కాబట్టి వేదిక ఎక్కడమే తప్పని అనలేం. ఎక్కాలా వద్దా, ఎక్కితే ఏది చూపాలి, ఏది ఊళ్లోనే ఉంచుకోవాలి అన్నది ఎవరు తేల్చారన్నదే ముఖ్యం. ఆ ఆట ఆడి, ఆ నియమం పాటించినవాడు తేల్చితే అది కళను పంచుకోవడం. ఫలానా పెద్దమనిషి వస్తున్నాడు, రేపు పదింటికి టోపీలతో రండి అని ఆఫీసు నుంచి ఫోను వస్తే అది వెట్టికి దగ్గర.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది. పెద్దలకే వదిలేస్తే కళ మూలన పడిపోతుంది, బయటివాళ్లు పూనుకోబట్టే లోకానికి తెలిసింది కదా అంటారు. అందులో నిజం ఉంది. ఆస్ట్రేలియాలో పపున్యా అనే చోట 1971లో జెఫ్రీ బార్డన్ అనే తెల్లజాతి బడిపంతులు ఆదివాసీ పెద్దలకు రంగులు అందించి ప్రోత్సహించాడు. మరుసటి ఏడే ఆ చిత్రకారులు తమ సొంత సంస్థ పెట్టుకున్నారు. అయితే తొలి బొమ్మల్లో బయటివారికి చూపకూడని పవిత్ర గుర్తులు ఉన్నాయని ఆదివాసుల్లోనే గొడవ లేచింది. ఆ తర్వాత వాళ్లే అలాంటి గుర్తులను చుక్కల మాటున దాచడమో, వదిలేయడమో చేశారు. పంతులు తలుపు తీశాడు. ఎంతవరకు తెరవాలో ఇంటివాళ్లు నిర్ణయించారు. బయటివాడు చేయగల మేలుకు హద్దు అదే.

రెండో అభ్యంతరం మన లోపలిదే. పెద్దలు చెప్పిందల్లా సరైనదేనా? ఆడపిల్ల డోలు పట్టుకోకూడదంటే వినాలా? నా ఉద్దేశం, వినాలి, అడగాలి కూడా. నియమం దేన్ని కాపాడుతోందో పెద్దలు చెప్పగలగాలి. పూజకు సంబంధించిన నియమం వేరు, ‘ఆడవాళ్లకెందుకు’ అనే అలవాటు వేరు. రెండింటినీ ఒకే గంపలో వేసి కాపాడమంటే పిల్లలు గంప మొత్తాన్నీ వదిలేసి పోతారు. అడిగే గొంతు ఉండాలని మనం బయటివాళ్ల ముందు అంటున్నప్పుడు, మన ఇంట్లో ఆడపిల్ల గొంతుకూ చోటు ఉండాలి.

మరి నడిపేవాళ్ల పని ఏమిటి? దీనికి జవాబు మన తండాల్లోనే ఉంది. తీజ్ పండగకు పెళ్లికాని ఆడపిల్లలు ముందు తండా నాయక్ దగ్గరికి పోయి అనుమతి అడుగుతారు. నాయక్ సరేనంటాడు, కావలసినవి చూస్తాడు, గొడవలు రాకుండా నిలబడతాడు. బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోసేది పిల్లలు. పాట ఎత్తుకునేది యాడీలు. ఏ పాట ముందు, ఏది వెనక అన్న సంగతిలో నాయక్ నోరు పెట్టడు. అతని గౌరవం దానివల్ల తగ్గదు.

కళాకేంద్రాన్ని నడిపేవాళ్లు ఆ నాయక్‌లా ఉంటే చాలు. దరఖాస్తులు, లెక్కలు, బండి కిరాయిలు, నేర్పిన పెద్దలకు చెప్పిన రోజున ఇచ్చే కూలి, ఇవి చిన్న పనులు కావు. ఇవి సరిగా జరగకపోతే ఎంత గొప్ప గురువైనా ఉపాధి పనికి పోవలసిందే. కానీ వచ్చిన డబ్బు లెక్క ఆ పెద్దల ముందే చదివి వినిపించాలి. కరపత్రం మీద వాళ్ల పేర్లు ముందుండాలి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. వచ్చే వార్షికోత్సవానికి పిల్లల చేత మన ఆట ఆడించాలనుకుంటే, సెల్‌ఫోన్‌లో వీడియో చూపించి నేర్పకండి. ఆ ఊరి అవ్వనో తాతనో బడికి పిలవండి. కుర్చీ వేసి, వచ్చిన రోజుల కూలి కట్టివ్వండి. పిల్లల ఆట చూసి వాళ్లు ‘ఇది కాదు బిడ్డా’ అంటే, తేదీ దగ్గరపడినా సరే, ఆగి మళ్లీ నేర్చుకోండి.