నొప్పి పోతే పుణ్యం పోతుందా?

పాంక్రియాస్ క్యాన్సర్ ముదిరితే నొప్పి పొట్టలో మొదలై వీపులోకి పొడుచుకుపోతుంది. రోగి వెల్లకిలా పడుకోలేడు, ముందుకు వంగి కూర్చుంటేనే కాస్త నయం. మార్ఫిన్ చాలనప్పుడు డాక్టర్లు ఇంకో దారి చెబుతారు. రోగిని బోర్లా పడుకోబెట్టి, ఎక్స్‌రే తెర చూసుకుంటూ, నడుం మొదటి పూస దగ్గర ఇరువైపులా పొడవాటి సూదులు దించుతారు. మొన సరైన చోటే ఉందని రంగు మందుతో ఖాయం చేసుకుని, నొప్పిని మోసే సీలియక్ నరాల గుంపు మీదికి మందు వదులుతారు. ఆ గుంపుకు వీపు వైపు నుంచి మత్తు ఇచ్చే పద్ధతిని జర్మన్ సర్జన్ మాక్స్ కాపిస్ 1914లోనే చెప్పాడు.

ఇప్పుడు నరాలను చంపడానికి ఎక్కువగా వాడే ఆ మందు ఆల్కహాల్!

మనవాళ్లు కూడా పనిచేసే ఒమన్‌లో ఇది చిన్న మాట కాదు. అక్కడి ముస్లింలలో ఇబాదీలైనా సున్నీలైనా మద్యం హరామే. అయినా ఈ చిక్కు తేలిగ్గానే విడిపోతుంది. తప్పనిసరి అవసరం నిషేధాన్ని సడలిస్తుందన్నది ఇస్లామిక్ న్యాయశాస్త్రంలో పాత సూత్రం. సూదిలో వెళ్లేది తాగుడు కాదు, కాదనుకునేవారికి ఫినాల్ ఉంది.

అసలు చిక్కు వేరు. ముల్లు గుచ్చుకున్నా ఆ బాధకు పాపాలు రాలతాయని హదీసు చెబుతుంది. మస్కట్‌లో పనిచేసే మనవాళ్ల నోట అదే ‘చేసుకున్నవాడికి చేసుకున్నంత’ అవుతుంది. మరి నరం చంపితే ఆ లెక్క ఎగ్గొట్టినట్టా? వైద్యం చేయించుకోమన్నదీ హదీసే. జబ్బుపడ్డవాళ్లకు రంజాన్ ఉపవాసం నుంచి మినహాయింపు ఇచ్చింది ఖురానే. ఆకలినే మాఫీ చేసిన మతం ఎముకలు కొరికే నొప్పిని పట్టుబట్టి అడుగుతుందా? ఇటు రమణ మహర్షి ఎడమ చేతి కణితికి 1949లో నాలుగుసార్లు ఆపరేషన్ జరిగింది. చెయ్యి తీసేస్తామంటే ఆయన ఒప్పుకోలేదు, కానీ కర్మ అని కత్తిని తిప్పి పంపనూ లేదు. తప్పించుకోలేని బాధను ఓర్చుకోవడం వేరు, తప్పేదాన్ని అట్టిపెట్టుకోవడం వేరు.

సూది అద్భుతమేమీ కాదు. 2004లో వెలువడిన మాయో క్లినిక్ అధ్యయనంలో నొప్పి తగ్గింది, ఆయుష్షు మాత్రం పెరగలేదు, మార్ఫిన్ వాడకంలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఉపశమనం సాధారణంగా కొన్ని నెలలే. బీపీ పడిపోవచ్చు, విరేచనాలు కావచ్చు, చాలా అరుదుగా కాళ్లు చచ్చుబడవచ్చు. అందుకే ఒప్పుకోవాలో వద్దో తేల్చుకోవాల్సింది రోగి. ఈ సంగతులన్నీ ముందుగా అతనికే చెప్పండి, వరండాలో నిలబడ్డ కొడుక్కి కాదు.