మీరు బాగా రాస్తారు కదా!

"కోడ్ రాకపోతే ఏం మేడమ్? మీరు బాగా రాస్తారు కదా, డాక్యుమెంటేషన్ రాసిపెట్టండి." పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో ఒక ఓపెన్ సోర్స్ బృందం వాళ్ళు నాతో అన్న మాటలివి. ఎవరైనా వాడుకుని, కావలసినట్టు మార్చుకోగల సాఫ్ట్‌వేర్‌కి సాహిత్యం చదివిన నేనూ పనికొస్తానని సంబరపడ్డాను. తెలుగులో టైపు చేయడానికి ఏం నొక్కాలో, ఫైలు ఎక్కడ దాచుకోవాలో రాత్రిళ్ళు కూర్చుని రాశాను.

పోయిన నెల అవే మాటలు నా ఎం.ఏ. విద్యార్థినితో అన్నాను. "కోడ్ రాసినవాళ్ళ పక్కన నా పేరు కూడా వేస్తారా మేడమ్?" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. నేను రాసిన పేజీల్లో నా పేరు ఎక్కడా లేదు.

2017లో గిట్‌హబ్ జరిపిన సర్వేలో డాక్యుమెంటేషన్ అసంపూర్ణంగానో, పాతబడిపోయో ఉంటోందని 93 శాతం మంది చెప్పారు. దాన్ని ఎప్పుడో తప్ప రాయమని, లేదా అసలే రాయమని 60 శాతం మంది కంట్రిబ్యూటర్లు చెప్పారు. జవాబిచ్చినవాళ్ళలో స్త్రీలు 3 శాతమే. అందరికీ కావలసిందే, చేస్తే ఎవరికీ కనపడదు, చేయకపోతేనే కనపడుతుంది. ఇలాంటి పని మన ఇళ్ళలో ఎవరి వాటాకి వచ్చిందో మనకి వేరే చెప్పాలా?

కోడ్ రాసేవాళ్ళలోనూ చాలామంది ఉచితంగానే రాస్తున్నారు కదా అంటారు. నిజమే. కానీ ఆ కోడ్‌ని చూపించి రేపు ఉద్యోగం అడగొచ్చు. మన పని మాత్రం 'సాయం' అయిపోతుంది.

అలాగని మానేద్దామా? ఆ పేజీ లేకపోతే నష్టపోయేది కోడ్ తెలిసినవాళ్ళు కాదు. అడగడానికి పక్కన ఎవరూ లేక కంప్యూటర్ ముందు ఒంటరిగా కూర్చున్న మనిషి. చాలాసార్లు ఆ మనిషి ఒక స్త్రీ. ఆమె కోసం రాయాల్సిందే.

కాబట్టి రాయాలా వద్దా అన్నది కాదు, ఏ షరతుల మీద రాయాలన్నదే ప్రశ్న. గ్నోమ్ సంస్థ 2010లో స్త్రీల కోసం ఇంటర్న్‌షిప్‌లు మళ్ళీ మొదలుపెట్టి, కోడ్‌తో పాటు డాక్యుమెంటేషన్‌కీ స్టైపెండ్ ఇచ్చింది. అదే ఇప్పటి అవుట్‌రీచీ. ప్రోత్సాహం అంటే అదీ. పొగడ్త ఒక్కటే అయితే అది చాకిరీకి పిలుపే.

డబ్బుకన్నా ముఖ్యమైంది ఇంకొకటుంది. ఒకచోట ఒక్క చిన్న పనిని వివరించడానికి నాకు పదకొండు వాక్యాలు పట్టాయి. లోపం నా తెలుగులో ఉందనుకున్నాను. చివరికి చూస్తే మెలిక ప్రోగ్రామ్‌లోనే ఉంది. ఆ మాట చెబితే, "ఉన్నది ఉన్నట్టు రాయండి చాలు" అన్నారు. నేను నోరు మూసుకుని రాసేశాను. ఏళ్ళ తరబడి విమర్శ చదువుకున్నదాన్ని, వివరించడమంటే విమర్శించడమేనని అక్కడే మర్చిపోయాను.

మర్నాడు ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. "ముందు పేరు వేస్తారా అని అడుగు. డబ్బు సంగతీ అడుగు. తప్పు కనిపిస్తే చెప్పే హక్కు ఉందేమో అడుగు. ఆ తర్వాతే రాయి" అన్నాను.

"మీరు అప్పుడు అడిగారా మేడమ్?" అంది.

లేదన్నాను.