వెదురు తుపాకులు, దామనపల్లి ఘాటీ

1415లో అజాంకూర్ దగ్గర ఇంగ్లండు రాజు ఐదో హెన్రీ తనకంటే పెద్దదైన ఫ్రెంచి సైన్యాన్ని ఓడించి, ఆ ఘనత దేవుడిదే అన్నాడు. రెండు అడవుల మధ్య ఇరుకు నేల, వానకు నానిన దుక్కి, అందులో దిగబడ్డ కవచధారులు, వాళ్లమీద కురిసిన బాణాలు... ఈ కారణాలన్నీ చరిత్రకారులు తవ్వి తీసినవి. చిన్న దండు గెలిచిన చోటల్లా ఈ తగవు ఉన్నదే. గెలిపించింది దైవమా, నేలా?

తూర్పు కనుమల్లో ఈ ప్రశ్న రెండుసార్లు పరీక్షకు నిలిచింది.

1900లో సాలూరు తాలూకా కొర్రవానివలసకు చెందిన కొర్ర మల్లయ్య అనే కొండదొర, తాను పాండవుల్లో ఒకరి అవతారమనీ, తన పసికొడుకు కృష్ణుడనీ ప్రకటించాడు. వేలమంది చేరారు. వెదుళ్లు మంత్రబలంతో తుపాకులవుతాయనీ, సర్కారు ఆయుధాలు నీరైపోతాయనీ చెప్పాడు. జనం వెదుళ్లు నరికి, తుపాకుల్లా చెక్కి, కవాతు కూడా చేశారు. పోలీసులు కాల్చితే 11 మంది చనిపోయారు. మల్లయ్య జైల్లో కన్నుమూశాడు.

1922లో వచ్చిన అల్లూరి సీతారామరాజు సన్యాసి. ఆయనకు గుండు తగలదని మన్యంలో గట్టి నమ్మకం. కానీ ఆయన వెదుళ్లను నమ్ముకోలేదు. ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి తుపాకులూ తూటాలూ పట్టుకుపోయాడు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో పోలీసు దళం కోసం కాపు వేశాడు. దారి ఇరుకు, రెండు పక్కలా పొదలు. ముందు నడిచిన మన దేశపు పోలీసులను పోనిచ్చారు. వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను కాల్చి చంపారు. దళం చెదిరిపోయింది.

మరి నమ్మకం ఏం చేసినట్టు? గుండును మాత్రం ఆపలేదు. అంతకంటే పెద్ద పనే చేసింది. అటవీ చట్టాలు పోడు మీద కత్తి పెట్టాయి. గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ రోడ్డు పనికి కూలి సరిగా ఇవ్వకుండా జనాన్ని తోలాడు. ఆ కసి ఊరూరా ఉంది. అయితే కసి ఒక్కటే మనిషి నోరు కట్టదు. సీతారామరాజు మీద భక్తి ఉన్నవాళ్లు అన్నం పెట్టారు, కబురు మోశారు, పోలీసులు అడిగితే తెలియదన్నారు. గాము గంటందొర, మల్లుదొర వంటి వాళ్లు ప్రాణాలకు తెగించి వెంట నడిచారు.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, ఐదోది దైవం. దైవాన్ని తీసిపారేయలేదు, ఒంటరిగా నిలబెట్టనూ లేదు. మల్లయ్య ఐదోదాని మీదే భారమంతా వేశాడు. రాజు మిగతా నాలుగూ సమకూర్చుకున్నాడు.

అయినా ఆ నాలుగింట్లో అవతలివాళ్లు మించిపోతే? అదే 1922 డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర మలబారు స్పెషల్ పోలీసులు లూయిస్ తుపాకులతో దిగారు. రాజు దండు మనుషుల్ని పోగొట్టుకుంది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయనను పట్టుకుని కాల్చి చంపారు. నమ్మకం ఆ రోజున ఓడిపోయిందని సర్కారు అనుకుని ఉంటుంది. కానీ రాజు చనిపోలేదు, తప్పించుకున్నాడు అన్న మాట ఆ తరువాత చాలాకాలం మన్యంలో తిరుగుతూనే ఉంది.