బొడిపె కొయ్య గిన్నె

మన వేపచెట్లకును చింతచెట్లకును మ్రాను మీద కుండంతేసి బొడిపెలుండుట మీరు చూచియున్నారు. వంటచెరకు కొట్టువాడు దానిని చూచి గొడ్డలి ప్రక్కకు త్రిప్పును. ఏలయనగా అది సులువుగా చీలదు. చెట్టునకు దెబ్బ తగిలినందుననో, పురుగు పట్టినందుననో, తెగులు సోకినందుననో చిగురింపవలసిన మొగ్గలు చిగురింపక ఒకచోటనే గుమిగూడును. వాటిచుట్టు కొయ్య సుడులు తిరిగిపోవును.

అమెరికా మొదలగు దేశములలో కొయ్యగిన్నెలు చేయువారు ఇట్టి బొడిపెను వెదకి వెదకి తెచ్చుకొందురు. మన ఏటికొప్పాకలో లక్కబొమ్మలకు అంకుడు కర్రను తరిమెన పట్టునట్లే ఈ పనియు. అయితే అంకుడు మెత్తనిది, చెప్పినమాట వినును. బొడిపె వినదు. లోపల ఎక్కడ బెరడు చిక్కుకొన్నదో, ఎక్కడ డొల్ల యున్నదో ఉలి తగులువరకు తెలియదు. ముక్క ఎగిరి తగులకుండ పనివాడు ముఖమునకు అడ్డు పెట్టుకొనును. పచ్చికొయ్యను మొదట మందముగా తొలిచి, 10 అంగుళముల గిన్నెకు 1 అంగుళము మందము విడిచి, నెలల తరబడి ఆరనిచ్చును. ఆరుచు అది వంకరపోవును. అప్పుడు మరల తరిమెన కెక్కించి పలుచగా తీర్చును. ఆ సుడులును, కన్నులవంటి ఆ చుక్కలును అప్పుడు చూడవలెను!

ఈ సంగతిని మేమొక ఆదివారము ప్రసంగములో చెప్పితిమి. దెబ్బ తగిలిన చోటనే అందము పుట్టినదనియు, శ్రమపడువారిని దేవుడట్లే పాత్రలుగా చేయుననియు చెప్పితిమి. బాగుగనే చెప్పితిమని మాకు తోచినది కూడ. ఆరాధన ముగిసిన తరువాత, ఆ యేడు చేతికందిన కుమారుని పోగొట్టుకొనిన ఒక తల్లి గుమ్మమునొద్ద నిలిచి, "అయ్యగారూ, గిన్నె బాగానే ఉంది. మరి ఆ చెట్టేమయింది?" అని అడిగెను.

మాయొద్ద జవాబు లేకపోయెను.

కాలిఫోర్నియా సముద్రతీరమున 300 అడుగులు మించి పెరుగు రెడ్‌వుడ్ చెట్లు కలవు. వాటి మొదట నుండు బొడిపె రోగము కాదు. పైచెట్టు కూలినను కాలినను మరల చిగుళ్లు వేయుటకు చెట్టు దాచుకొనిన మొగ్గల మూట అది. గిన్నెలకును బల్లలకును మంచి ధర పలుకునని దొంగలు రంపములతో వచ్చి, బ్రతికియున్న చెట్లనుండి వాటిని కోసికొనిపోయిరి. 2014లో అచ్చటి వన అధికారులు న్యూటన్ బి. డ్రూరీ పేరుగల రహదారిని రాత్రులు మూసివేయవలసి వచ్చెను. కోసినచోట పెద్ద గాయము మిగులును. దానిగుండ తెగులు ప్రవేశింపగలదు. పడిపోయిన చెట్టునుండియే బొడిపె తీసికొను పనివారు అనేకులున్నారు, వారిని మేము తప్పుపట్టము. చెట్టు తనకొరకు దాచుకొనినది మన గిన్నెకొరకే పుట్టినదని తలంచువారిని గూర్చియే మా మాట. రంపము లేకుండనే మేమును ఆ పని చేసితిమి గదా.

యిర్మీయా కుమ్మరి యింటికి పోయిన సంగతిని ఇట్టి వేళలందు మనము తరచుగా వాడుదుము. మన్ను చెడినయెడల కుమ్మరి దానినే మరల పిసికి మరియొక కుండ చేయగలడు. తరిమెన మీద రాలిన పొట్టు మరల కొయ్యలో చేరదు. కొడుకును పాతిపెట్టిన తల్లికి ఈ రెంటిలో ఏది దగ్గర? ఆమె దుఃఖము పాత్ర యగునో కాదో మేము ముందుగా పలుకదగదు. ఒకనాడు ఆమెయే ఆ మాట చెప్పినయెడల వినుటకు సిద్ధముగా ఉందుము.

అట్లయిన ఓదార్చుట మానవలెనా యని మీలో కొందరడుగుదురు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరెత్తక కూర్చున్నంతకాలము వారియందు తప్పు కనబడలేదు. నోరు తెరచిన తరువాతనే చిక్కు వచ్చినది.

ఆ బుధవారము ఆమె యింటికి వెళ్లితిమి. ఆమె చేటలో బియ్యము ఏరుచుండెను. అబ్బాయి ఏ కూర ఇష్టపడి తినెడివాడో చెప్పుచు, నడుమ నడుమ రాళ్లు తీసి పారవేయుచుండెను. ప్రొద్దు గ్రుంకువరకు మేమచ్చటనే కూర్చుంటిమి.