తినదగినదే, గాని ఎంత?

ధ్యానమునకు: సంఖ్యాకాండము 11వ అధ్యాయము, సామెతలు 25:16



"అయ్యగారండీ, డాక్టరుగారు చెప్పినప్పటినుంచి అన్నం మానేశానండి. ఇడ్లీ లేదు, బెల్లం లేదు, టీలో పంచదార లేదు. కాని వేయించిన వేరుసెనగ గింజల డబ్బా మూత తీశానంటే అడుగు కనబడేదాకా చెయ్యి ఆగదు. ఇది నా జబ్బా, నా పాపమా?" అని సంఘములో ఒక సహోదరి అడిగినది. అడుగుటకు ఆమె సిగ్గుపడినది గాని, అనేకులు లోలోపల మోయుచున్న ప్రశ్ననే ఆమె బయటకు చెప్పినది. కావున ఈ మాసము దీనిని వాక్యపు వెలుగులో ఆలోచింతము.

షుగరు జబ్బు నేడు పట్టణములకే పరిమితమైనది కాదు. మన దేశములో 10 కోట్లమందికి పైగా ఈ వ్యాధితో నున్నారని భారత వైద్య పరిశోధన మండలివారి పరిశీలన 2023వ సంవత్సరములో తెలిపెను. అన్నము మాని కొవ్వుమీద ఆధారపడు పథ్యము 2017, 2018 సంవత్సరములలో మన తెలుగు జిల్లాలలో ఊరూర ప్రాకెను. కొబ్బరినూనె, నిమ్మకాయలు, గ్రుడ్లు అను మాటలు రచ్చబండమీద సైతము వినబడెను. నేడును అనేకులు వైద్యుని సలహాచొప్పున అన్నమును, పిండివంటలను తగ్గించి తినుచున్నారు. అట్లు తగ్గించుటవలన చాలమందికి రక్తములోని చక్కెర తగ్గుచున్నది. కాబట్టి ఆ పథ్యమును నిందించుట నా ఉద్దేశము కాదు. మానుమన్నవాటిని మానగలిగియు, తినవచ్చునన్నవాటియొద్ద ఓడిపోవుచున్నవారి సంగతి చెప్పవలెనని యున్నది.

ఇట్టి పథ్యము క్రొత్తదియు కాదు. లండను పట్టణములో అంత్యక్రియల ఏర్పాట్లు చేయు వృత్తిలోనున్న విలియం బాంటింగ్ అను నొకడు స్థూలకాయముచేత మిక్కిలి బాధపడెను. మెట్లు దిగవలెనన్నను వెనుకకు తిరిగి మెల్లగా దిగవలసి వచ్చెడిది. 1862వ సంవత్సరము ఆగస్టులో అతని బరువు 202 పౌనులు, అనగా సుమారు 92 కిలోలు. హార్వే అను వైద్యుని సలహామీద అతడు రొట్టె, చక్కెర, పాలు, బీరు, బంగాళాదుంపలు మొదలైనవి మాని, ఏడాది దాటునప్పటికి 46 పౌనులు, అనగా దాదాపు 21 కిలోలు తగ్గెను. 1863లో ఆ సంగతిని ఒక చిన్న పుస్తకముగా అచ్చువేయించెను. ఆ పుస్తకములో మానవలసినవాటి పట్టీ మాత్రమే లేదు. ఏ పూట మాంసమెంత, చేపయెంత అను తూకము కూడ వ్రాయబడియున్నది. పథ్యము పట్టువారు మొదటి పట్టీని కంఠస్థము చేసికొందురు; ఆ తూకమును మాత్రము తేలికగా మరతురు.

మరచినయెడల ఏమగును? కొంచెము లెక్క చూడుడి. పిండిపదార్థము ఒక గ్రామునుండి 4 కాలరీల శక్తి వచ్చును. కొవ్వు ఒక గ్రామునుండి 9 వచ్చును. వండిన అన్నము 100 గ్రాములలో సుమారు 130 కాలరీలుండగా, అంతే తూకముగల వేరుసెనగ పలుకులలో సుమారు 560 యుండును. జీడిపప్పు సంగతి చూతుమా, అందులో ప్రతి 100 గ్రాములకు సుమారు 30 గ్రాములు పిండిపదార్థమే. అనంతపురము పొలములోని వేరుసెనగయు, పలాసలోని జీడిపప్పును దేవుడిచ్చిన మంచి ఆహారములే. గుప్పెడు తిన్నవానికి అవి పథ్యము. డబ్బా ఖాళీ చేసినవానికి, తాను వాకిటిగుండ వెళ్లగొట్టినది పెరటిత్రోవను తిరిగి వచ్చినట్లే యగును.

ఇక్కడ మనము రెండు మాటలను వేరుచేసి చూడవలెను. ఒకటి "తగును"; రెండవది "చాలును." తగునా తగదా అనునది పదార్థమును గూర్చిన ప్రశ్న. దానికి వైద్యుడు పట్టీ వ్రాసి యియ్యగలడు. చాలునా చాలదా అనునది తినువానిని గూర్చిన ప్రశ్న. దానికి ఏ పట్టీయు జవాబు చెప్పలేదు. అన్నము మానుట ఒక్క ఉదయమున ఒక్కసారి చేయు తీర్మానము. చాలుననుట ప్రతి గుప్పెడియొద్దను మరల చేయవలసిన తీర్మానము. అందుచేతనే మొదటిదానిలో బలవంతుడైనవాడు రెండవదానిలో బలహీనుడగుట మనము చూచుచున్నాము.

ఇది మనకు తెలియని సంగతి కాదు. శ్రమకాలపు నలుబది దినములు మాంసము ముట్టమని నియమము పెట్టుకొను కుటుంబములు కలవు. మంచిదే. గాని ఆ దినములలోనే కొన్ని ఇండ్లలో గారెల మూకుడు పొయ్యిమీదనుండి దిగదు. మాంసము మానబడెను, నాలుక మాత్రము ఉపవాసముండలేదు. నియమము గుమ్మమునొద్ద కావలియుండును. లోపల ఇల్లు ఊడ్చుట దాని పని కాదు. ముట్టవద్దు, రుచిచూడవద్దు అను ఆజ్ఞలు పైకి జ్ఞానముగా కనబడినను, శరీరాశను అణచుటకు వాటికి శక్తి చాలదని పౌలు కొలొస్సయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయపు చివర మనకు తెలియజేయుచున్నాడు.

ఇప్పుడు అరణ్యములోని ఇశ్రాయేలీయులను చూడుడి. మన్నాతో విసిగి వారు మాంసము కావలెనని ఏడ్చిరి. దేవుడు పూరేళ్లను పంపెను. ఆ పూరేళ్లు నిషిద్ధమైనవి కావు. దేవుడే గాలిచేత వాటిని పాళెముచుట్టు పడవేసెను. అయినను జనులు ఏమి చేసిరి? రెండు పగళ్లు, వాటి నడుమనున్న రాత్రి, నిద్ర మాని వాటిని పోగుచేసిరి. అందరిలో తక్కువ కూర్చినవాని కుప్పయు పెద్దదే. ఎవడును "ఈ పూటకు చాలును" అనలేదు. తుదకు ఆ స్థలము ఆశపడినవారి సమాధులను బట్టి పేరు పొందెను. మన్నా విషయములోనైతే తలకింతయని దేవుడే కొలత నియమించెను; రేపటికని దాచినది పురుగుపట్టెను. ఆ కొలతలో ఆయన వారికి నేర్పినది ఒక్కటే: నేటికి చాలినది నేడు తీసికొనుట, రేపటికి ఆయనను నమ్ముట. పూరేళ్లయొద్ద ఆ పాఠము మరువబడెను.

సామెతల గ్రంథము దీనిని ఇంకను మృదువుగా చెప్పుచున్నది. 24వ అధ్యాయములో తేనె మంచిది, తినుమని తండ్రి కుమారునికి చెప్పుచున్నాడు. మరుసటి అధ్యాయములోనే, తేనె దొరికినయెడల తగినంతమట్టుకే తినవలెననియు, మించినయెడల కక్కివేయుదువనియు హెచ్చరిక యున్నది. మొదటి మాట రెండవదానిచేత కొట్టివేయబడలేదు. తేనె చెడ్డదని ఎవరును అనలేదు. మంచిదైనందుననే దానికి మేర కావలసివచ్చెను. చేదు కాకరకాయకు మేర పెట్టవలసిన అవసరము ఎవరికి కలిగెను?

అయితే ఒకరు అడుగవచ్చును: "నోట పడునది మనుష్యుని అపవిత్రపరచదని ప్రభువే సెలవిచ్చెను గదా, తిండిని గూర్చి ఇంత విచారమెందుకు?" ఆ మాట సత్యము. వేరుసెనగ గింజలో పాపము లేదు. గాని ప్రభువు ఆ చోటనే హృదయములోనుండి వచ్చువాటిని చూడుమని చెప్పెను. కాబట్టి మనము పరిశీలింపవలసినది డబ్బాలోనున్నదానిని కాదు, డబ్బాయొద్దకు మనలను నడిపించుదానిని. ఆకలియా? అలసటయా? కుమారుడు ఫోను చేయని దుఃఖమా? ఒంటరితనమా? ఆకలి అయినయెడల తినుడి, సందేహింపవద్దు. ఆకలి కానియెడల, ఎంత తినినను అది తీరదు; ఏలయనగా అడిగినది కడుపు కాదు.

ఇక ఆ సహోదరి ప్రశ్న: జబ్బా, పాపమా? ఒక్క మాటతో జవాబు చెప్పుట న్యాయము కాదు. ఉప్పు, కొవ్వు, కరకరలాడు రుచి ఒకచోట కూడినప్పుడు చెయ్యి ఆపుట ఎవరికైనను కష్టమే; శరీరము అట్లు చేయబడియున్నది. నిద్ర చాలనివానికి ఆకలి హెచ్చును. కొందరు తమ వశములో లేనట్టు విస్తారముగా తిని, పిమ్మట కుమిలిపోవుదురు. అది వైద్యులు గుర్తించిన వ్యాధియే, దానికి చికిత్సయు కలదు. అట్టివారిని "తిండిపోతు" అని పిలుచుట గాయమును గిల్లుటయే. పాపమనునది చెయ్యి జారిన ఆ గడియలో లేదు. తగునన్న అనుమతిని అడ్డము పెట్టుకొని, చాలునను మాటను ఇక ఎన్నటికిని పలుకనని స్థిరపరచుకొనుటలో నున్నది. పోరాడి పడినవాడు వేరు. పోరాటమే వద్దని కూర్చున్నవాడు వేరు. సిగ్గుతో అడిగిన ఆ సహోదరి పోరాడుచున్నవారిలోనిది. దేవుడు అట్టివారిని త్రోసివేయువాడు కాడు.

పోరాడువారికి కొన్ని మాటలు చెప్పుదును. మన భోజనమునకు ముగింపు ఒకటి యుండెడిది, గమనించితిరా? పప్పు, కూర, పులుసు అయిన పిమ్మట పెరుగన్నము. అంతట భోజనము ముగిసినట్లే. వడ్డించుచున్న తల్లి ఇంకొంచెమనగా, విస్తరిమీద చెయ్యి అడ్డము పెట్టి "చాలు" అందుము. అన్నము మానినవానికి ఆ ముగింపు పోయినది. డబ్బాలోనుండి ఒంటరిగా తినువానికి విస్తరియు లేదు, వడ్డించువారును లేరు, చాలునని చెప్పవలసిన మనిషియు లేడు. అందుకే అతని చెయ్యి ఆగదు. కాబట్టి ఆ ముగింపును తిరిగి కట్టుకొనవలెను. తినదలచినదానిని ముందుగానే కొలిచి చిన్న గిన్నెలో వేసికొని, డబ్బా మూసి ఆవల పెట్టుడి. కూర్చుండి, ఇంటివారితో కలిసి తినుడి. తినుటకు ముందు స్తోత్రము చెప్పుట మనకు అలవాటే. తినిన పిమ్మట కూడ స్తోత్రము చెప్పి చెయ్యి కడుగుకొనుడి. చెయ్యి కడుగుకొనినవాడు మరల డబ్బా తెరచుటకు కొంత ఆలోచించును.

ఒక పదార్థమును కొలిచి తినుట మీవలన కాదని తెలిసినయెడల, అది ఇతరులకు మంచిదైనను, మీ యింట నుంచవద్దు. అభ్యంతరపరచుదానిని దూరముగా పారవేయుట పిరికితనము కాదని ప్రభువు బోధలో నేర్చితిమి. ఇంటివారు ఇందులో సాయపడవలెను. పథ్యమునందున్నవానియెదుట గింజలు పోసికొని "ఒక్కటే గదా" అనుట ప్రేమ కాదు. ఇంకొక సంగతి: షుగరు మాత్రలు వేసికొనువారు, ఇన్సులిను తీసికొనువారు వైద్యుని అడుగక ఆహారమును ఒక్కసారిగా మార్చకూడదు. రక్తములో చక్కెర అమితముగా పడిపోయినను ప్రాణాపాయమే.

కడపట, బల్లయొద్దనున్న ఇతరులను జ్ఞాపకము చేసికొనుడి. కొరింథు సంఘములో ఒకడు ఆకలిగొనియుండగా మరియొకడు మితిమీరి పుచ్చుకొనుట పౌలునకు వేదన కలిగించెను. నేడును ఒక యింట నెయ్యి, జీడిపప్పు, మాంసములతో పథ్యము సాగుచుండగా, ప్రక్క యింట చౌకదుకాణపు బియ్యమే మూడు పూటలకు ఆధారము. అన్నము తినువానిని చూచి అజ్ఞానియని తలంచకుడి. అన్నము మాననివాడు మానినవానిని చూచి నవ్వకుండును గాక. డబ్బాలో మిగిలిన గుప్పెడు గింజలు ప్రక్కయింటి బిడ్డ చేతిలో పడినయెడల, అవి మీకును మేలు చేయును, వానికిని మేలు చేయును.

ఆశానిగ్రహము ఆత్మఫలములలో ఒకటిగా చెప్పబడెను. ఫలము ఒక్క రాత్రిలో పండదు. పూత రాలును, పిందె రాలును, అయినను రైతు చెట్టును నరికివేయడు. నిన్న డబ్బా ఖాళీ అయినయెడల నేడు గిన్నె కొలుచుకొనుడి. ప్రభువు మనకు నేర్పిన ప్రార్థనలో అడుగుమన్నది ఆ దినపు ఆహారమే. ఆ దినమునకు చాలినది ఆయన చేతినుండి తీసికొని, మిగిలినదానిని విడిచిపెట్టు కృప ఆయన మనకందరికిని అనుగ్రహించును గాక. ఆమేన్.