భయమా, శీలమా? : రక్తపిశాచ ప్రణయ నవలల్లో నిగ్రహ విచారం

మల్కాపురంలో నేనుండే వీధికి ఒక వైపు చమురు శుద్ధి కర్మాగారం, మరో వైపు కొంత దూరంలో నౌకా నిర్మాణ కేంద్రం ఉన్నాయి. షిఫ్టు బస్సుల రాకపోకలను బట్టి వేళ చెప్పగల పేట ఇది. ఇక్కడి ఇంటర్మీడియట్, డిగ్రీ విద్యార్థినులు కొందరు సెలవుల్లో మా ఇంటికి ప్రాచీన కావ్య పాఠం కోసం వచ్చేవారు. మనుచరిత్రలో ప్రవరుడు వరూధినిని తిరస్కరించే ఘట్టం చెబుతున్న రోజున ఒక అమ్మాయి, "ఇతను ఎడ్వర్డ్ లాంటివాడాండీ?" అని అడిగింది. ఎడ్వర్డ్ ఎవరో నాకు తెలియలేదు. మిగిలిన అందరికీ తెలుసు. స్టెఫనీ మేయర్ రాసిన ‘ట్వైలైట్’ నవలల నాయకుడతడు, రక్తపిశాచి. ఆ నాలుగు నవలలూ నేను చదివింది ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే. ఆ జవాబు కొంత ఆలస్యంగా ఈ వ్యాసరూపం పొందింది.

2005లో ‘ట్వైలైట్’, 2006లో ‘న్యూ మూన్’, 2007లో ‘ఎక్లిప్స్’, 2008లో ‘బ్రేకింగ్ డాన్’ వెలువడ్డాయి. కథ అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, వర్షం విడవని ఫోర్క్స్ అనే చిన్న ఊళ్లో జరుగుతుంది. బెల్లా పదిహేడేళ్ల అమ్మాయి. ఎడ్వర్డ్ 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో చావబోతూ రక్తపిశాచిగా మారి, ఆనాటి నుండీ పదిహేడేళ్ల వయసులోనే నిలిచిపోయినవాడు. మనుష్యరక్తం తాగరాదన్నది అతని కుటుంబ నియమం. బెల్లా రక్తపు వాసన అతనికి తక్కిన మనుషులందరి రక్తం కంటే ఎక్కువ ఆకలి పుట్టిస్తుంది. ఆమెను ప్రేమించడం, ఆమెను తినకుండా ఉండడం అతనికి ఒకే పనిగా మారతాయి. కామం, ఆకలి వేరుచేయలేనంతగా కలిసిపోయిన ఈ కల్పనలో నిగ్రహమే కథను నడిపిస్తుంది. ఈ నవలలు పాఠకురాలిని ఉద్రేకపరిచేది సంయోగంతో కాదు, దాని వాయిదాతో. 2008లోనే క్రిస్టీన్ సీఫర్ట్ అనే అమెరికన్ విమర్శకురాలు దీనిని నిగ్రహాన్నే శృంగార వస్తువుగా అమ్మడమని ఆక్షేపించింది. వివాహం వరకు సంయమమే యువతకు నేర్పవలసిన పాఠమంటూ అమెరికా ప్రభుత్వం 1996 చట్టం ద్వారా ఏటా అయిదు కోట్ల డాలర్లు కేటాయించిన కాలంలోనే ఈ నవలలు వచ్చాయన్నది కూడా గుర్తుంచుకోదగినది. అయితే సామాజిక నేపథ్యం ఒక కృతి ఎందుకు అమ్ముడుపోయిందో చెప్పగలదు గాని, అందులోని నాయకుడు శీలవంతుడా కాడా అన్న ప్రశ్నను తేల్చలేదు.

ఆ ప్రశ్నను తేల్చడానికి మనకు బేతాళుడు ఉన్నాడు. రిచర్డ్ బర్టన్ 1870లో విక్రమార్క కథలను ఆంగ్లీకరిస్తూ బేతాళుణ్ణి ‘వాంపైర్’ అన్నాడు. ఆ అనువాదం సరికాదు. మన బేతాళుడు శవాన్ని ఆవహించి చెట్టుకు వేలాడతాడే తప్ప కన్యల కంఠాలు వెదకడు. అతని వ్యసనం ధర్మసందేహం. ఈ పొరపాటు అనువాదమే మనకొక దారి చూపుతుందని నా అభిప్రాయం. చందమామ పాఠకులకు బేతాళుడంటే కొత్తగా అల్లిన కథలే ఎక్కువగా తెలుసు. పదకొండవ శతాబ్దంలో సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరంలోని మదనసేన కథ మన చర్చకు నేరుగా తగిలేది.

మదనసేన వర్తకుని కుమార్తె. ఆమెకు సముద్రదత్తునితో వివాహం నిశ్చయమై ఉండగా, అన్నగారి స్నేహితుడు ధర్మదత్తుడు ఆమెను మోహించి నిర్బంధించాడు. తండ్రికి కన్యాదాన ఫలం దక్కిన తరువాత, భర్త తనను తాకకముందే అతని దగ్గరకు వస్తానని ఆమె మాట ఇచ్చి తప్పించుకుంది. పెండ్లినాటి రాత్రి ఆ సంగతి భర్తకు చెప్పింది. అతడు వెళ్లమన్నాడు. దారిలో దొంగ పట్టుకున్నాడు. ఆమె చెప్పినది విని, తిరిగి వస్తానన్న మాట తీసుకుని విడిచిపెట్టాడు. ధర్మదత్తుడు ఆమెను చూసి, పరుని భార్యవు, ఎవరూ చూడకముందే వెళ్లిపొమ్మన్నాడు. తిరిగి వచ్చిన ఆమెను దొంగ నగలతో సహా ఇంటికి చేర్చాడు. ముగ్గురిలో త్యాగి ఎవరని బేతాళుడు అడిగితే, రాజు దొంగ పేరు చెప్పాడు. భర్త పరాసక్త అయిన స్త్రీని ఎలాగూ ఉంచుకోలేననుకున్నాడు. ధర్మదత్తునికి కాలం గడిచి మోహం చల్లారింది, పైగా రాజదండన భయం. చీకటిలో తిరిగే దొంగకు ఏ భయమూ లేదు, ధర్మమన్న బిరుదూ లేదు. అతనికి వదులుకోవలసిన కారణమే లేదు, అయినా వదులుకున్నాడు.

నిగ్రహానికి ఇంత కఠినమైన పరీక్ష మరొకటి ఉందని నేననుకోను. బయటి కారణాలన్నీ తీసివేసిన తరువాత ఏదైనా మిగిలితే అదే శీలం. ఎడ్వర్డ్‌ను ఈ పరీక్షకు నిలబెడదాం. ‘ఎక్లిప్స్’లో బెల్లా అతణ్ణి కోరుతుంది. అతడు మొదట చెప్పే కారణం భయం: తన బలానికి ఆమె శరీరం తాళలేదు, ఒక్క క్షణం ఏమరితే చంపేస్తాడు. ఇది నిజమైన కారణమే. కాని చంపుతానన్న భయంతో ఆగినవాడు హంతకుడు కాకపోవచ్చు, అంతమాత్రాన శీలవంతుడని అనలేం. ఆ భయాన్ని బెల్లా లెక్కచేయనప్పుడు రెండవ కారణం బయటపడుతుంది. తాను దొంగిలించాడు, అబద్ధమాడాడు, ప్రాణాలు తీశాడు, తనకు మిగిలినది ఈ ఒక్క నియమమే. వివాహం తరువాతనే అంటాడు. ఇక్కడ అతడు ధర్మదత్తుణ్ణి దాటి ముందుకు వచ్చాడన్నది ఒప్పుకోవాలి. అతణ్ణి దండించే రాజు లేడు. చూసేవారూ లేరు.

అయినా ఇతడు ప్రవరుని వంటివాడు కాడు. మనసును చెదరగొట్టే కారణం ఎదుటనే ఉన్నా చెదరనివాడే ధీరుడని కాళిదాసు కుమారసంభవంలో నిర్వచించాడు. కోరికతో పోరాడి గెలిచేవాణ్ణీ, పోరాడే అవసరమే లేనివాణ్ణీ అరిస్టాటిల్ రెండు తరగతులుగా విడదీశాడు. పెద్దన ప్రవరుడు రెండవ తరగతివాడు. హిమాలయం మీద పాదలేపం కరిగి దారి తప్పిన ఆ గృహస్థుకు వరూధిని సౌందర్యం కంటే ఇంటి దగ్గర ఆరిపోబోయే అగ్నులు ముఖ్యం. అతనిలో సంఘర్షణ లేదు. అందుకే గాఢమైన కోరిక వరూధినిది, గాఢమైన కవిత్వమూ ఆమెదే. ఎడ్వర్డ్ మొదటి తరగతివాడు. క్షణక్షణం చెదురుతూ, చెదిరిన సంగతి ఆమెకు చెబుతూ, ఆగుతాడు. పదహారేళ్ల పాఠకురాలికి ప్రవరుడు రుచించక ఎడ్వర్డ్ రుచించడానికి కారణం ఇదే. తనను చూసి ఒకడు చలించాలి, అయినా తనకు హాని చేయకూడదు. ఈ రెండు కోరికలూ ఆమెకు ఒకేసారి ఉంటాయి, అందులో తప్పు లేదు. మన అధ్యాపకులు ఈ నవలలను తేలికగా తీసిపారేసేటప్పుడు మరిచేది ఇదే.

తెలుగు ప్రబంధంలో అమానుషత్వం స్త్రీ పక్షాన ఉండడం మరొక భేదం. వరూధిని అప్సరస, ఉలూచి నాగకన్య. నియమం మనిషిది, కోరిక ఆమెది. విజయవిలాసంలో ఉలూచి అర్జునుని తీర్థయాత్రా వ్రతాన్ని కన్నీళ్లతో కాదు, వాదంతో ఎదుర్కొంటుంది. ప్రాణరక్షణ కంటే వ్రతం గొప్పదా అని నిలదీసి గెలుస్తుంది. వరూధిని గెలవలేదు, మాయాప్రవరుని చేతిలో మోసపోయింది. ఇరవయ్యొకటవ శతాబ్దపు బెల్లా ఉలూచి దారి పట్టింది. ‘ఎక్లిప్స్’లో ఆమె, ఎడ్వర్డ్ బేరమాడిన తీరు వకీళ్లకు తక్కువేమీ కాదు: ఆమె వివాహానికి ఒప్పుకుంటుంది, తాను ఇంకా మనిషిగా ఉండగానే సంయోగం జరగాలన్నది ఆమె షరతు. సంయమాన్ని బోధించే నవలగా పేరుపడ్డ ఈ గ్రంథంలో దేహవాంఛను నోరు విప్పి అడిగేది అమ్మాయేనన్నది విమర్శకులు తగినంతగా పట్టించుకోలేదని నాకనిపిస్తుంది.

కాని అసలు చిక్కు మరొకచోట ఉంది. శయ్య విషయంలో ఇంత నిగ్రహం పాటించే ఎడ్వర్డ్ తక్కిన విషయాల్లో ఏ నిగ్రహమూ పాటించడు. పరిచయం ముదరకముందే రాత్రివేళ ఆమె గదిలోకి ఆమెకు తెలియకుండా వచ్చి నిద్రపోతుంటే చూస్తాడు. ‘ఎక్లిప్స్’లో ఆమె జేకబ్‌ను కలవకుండా ఆమె వాహనం యంత్రభాగం తీసేస్తాడు. ఆమెను కనిపెట్టుకొని ఉండమని చెల్లెలి వరుస పిల్లకు ఖరీదైన కారు లంచమిస్తాడు. ఇవన్నీ రక్షణ పేరుతోనే జరుగుతాయి. ఆమె దేహాన్ని తాకకపోవడం ఆమె జీవితాన్ని శాసించడానికి అర్హతాపత్రంగా మారుతుంది. ‘నిగ్రహం’ అన్న మాటకు తెలుగులో రెండు ముఖాలు ఉన్నాయి. ఇంద్రియనిగ్రహం తన మీద తాను, శత్రునిగ్రహం ఇతరుల మీద. ఎడ్వర్డ్ మొదటి దానితో ప్రారంభించి తెలియకుండా రెండవ దానిలోకి జారుకుంటాడు. రచయిత్రి దానిని జారుడుగా చూడదు, ప్రేమగానే చూపుతుంది. ఈ నవలల నైతిక లోపం నా దృష్టిలో ఇది. సంయోగాన్ని వాయిదా వేయడం కాదు.

ఈ జారుడు మనకు కొత్త కాదు. పాశ్చాత్య రక్తపిశాచానికి స్థిరరూపమిచ్చిన బ్రాం స్టోకర్ ‘డ్రాక్యులా’ అచ్చయినది 1897లో. కన్యాశుల్కం మొదటి కూర్పు అచ్చయినదీ అదే సంవత్సరం. యాదృచ్ఛికమే, పోలిక లాగనక్కరలేదు. కాని గురజాడ ఎదురుగా ఉన్న నిగ్రహం బెల్లాది వంటిది కాదు. అది బుచ్చమ్మది. బాల్యంలోనే విధవ అయిన పిల్ల మీద సంఘం విధించిన బ్రహ్మచర్యం. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించేనాటికి ఆ నిగ్రహాన్ని శీలమని పిలవడం మన సమాజానికి అలవాటు. కాదనే వీలు లేనిచోట అవుననడానికి నైతిక విలువ ఏముంటుంది? బెల్లా కథలో ఈ బాధ లేదు. ఆమె అడగగలదు, అలగగలదు, షరతు పెట్టగలదు. తెలుగు పాఠకురాలు ఆ నవలను చదువుతూ పొందే ఆనందంలో కొంత భాగం ఈ స్వేచ్ఛదేనేమో.

కన్యాశుల్కంలోనే, 1909 నాటి రెండవ కూర్పులో, మా విశాఖపట్టణంలో జరిగే చివరి ఘట్టం ఒకటుంది. సౌజన్యారావు పంతులు వేశ్యలను చూడరాదన్న వ్రతం పట్టినవాడు. మధురవాణి పురుషవేషంలో వచ్చి, తాను చేసే ఉపకారానికి ప్రతిఫలంగా ఒక ముద్దు కోరుతుంది. ధర్మసంకటంలో పడ్డ ఆయన చివరికి ఒప్పుకుంటాడు. అప్పుడు ఆగేది ఆయన కాదు. చెడనివారిని చెడపకూడదన్న తల్లి హితవు తలచుకుని మధురవాణే వద్దంటుంది. ఆమెకు వ్రతం లేదు, పోయే పరువు లేదు, కోరినది చేతికి అందింది. సోమదేవుని దొంగకు సాటి వచ్చే పాత్ర మన సాహిత్యంలో ఈమెనే నేను చూశాను. ఎడ్వర్డ్ నిగ్రహంలో లేనిది ఈమెలో ఉంది: వదిలిపెట్టిన తరువాత ఎదుటివాని మీద ఏ అధికారమూ అడగదు.

‘బ్రేకింగ్ డాన్’లో వివాహమవుతుంది. తొలిరాత్రి తరువాత బెల్లా ఒంటినిండా కమిలిన గుర్తులు చూసి ఎడ్వర్డ్ మళ్లీ నిగ్రహానికి పూనుకుంటాడు, ఆమె మళ్లీ ఒప్పిస్తుంది. గర్భంలోని శిశువు ఆమెను లోపలి నుండి విరిచేస్తుంది. ప్రాణం నిలపడానికి ఆమెనూ రక్తపిశాచిని చేస్తారు. ఇద్దరి బలమూ సమానమయ్యాక నిగ్రహం అవసరమే ఉండదు. మూడు నవలలు మోసుకొచ్చిన నైతిక సమస్యను నాలుగవ నవల పరిష్కరించలేదు, మాయం చేసింది.

ఇదంతా ఆ అమ్మాయిలకు చెప్పాను. ప్రవరుడు వేరు, ఎడ్వర్డ్ వేరు, దొంగ వేరు అన్నాను. మదనసేన కథ వాళ్లకు బాగా నచ్చింది. మొదట ఎడ్వర్డ్ పేరెత్తిన అమ్మాయి కొంతసేపు ఊరుకుని, బేతాళుడు ముగ్గురు మగవాళ్లలో ఎవరు గొప్ప అని మాత్రమే ఎందుకు అడిగాడని అడిగింది. మాట ఇచ్చినది ఆమె, నిలుపుకున్నది ఆమె, చీకట్లో ఒంటరిగా నడిచినది ఆమె. ఆమెను లెక్కలోకి ఎందుకు తీసుకోలేదని. విక్రమార్కుడికి ఆ ప్రశ్న ఎదురుకాలేదు. నాకు ఎదురైంది. ఆ పూట పాఠం అక్కడితో ఆపాను.