చౌక వాహనం – పరుల ప్రాణం

మన దేశంలో వాహనాలు రోడ్డుకు ఎడమవైపున నడుస్తాయి. కనుక స్టీరింగ్ కుడివైపున ఉంటుంది. గల్ఫ్ దేశాల్లో దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ బండ్లు కుడివైపున నడుస్తాయి, స్టీరింగ్ ఎడమవైపున ఉంటుంది. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుండి డ్రైవర్లుగా వెళ్ళిన మన సోదరులకు ఈ తేడా బాగా తెలుసు. ఈ రెండు పద్ధతుల్లో ఏది మేలన్న వివాదం మనకు అనవసరం. ఒక దేశం ఒక పద్ధతిని ఎంచుకున్న తర్వాత అందరూ దాన్నే పాటించాలి. ప్రాణాలకు రక్షణ అందులోనే ఉంది.

మరి ఒక పద్ధతి కోసం తయారైన వాహనాన్ని రెండో పద్ధతి ఉన్న దేశంలో నడపాలనుకుంటే? ఈ ప్రశ్న నుండే ఒక పెద్ద వ్యాపారం పుట్టింది. జపానులో కూడా మనలాగే ఎడమవైపు నడక. అక్కడ నిర్ణీత కాలానికోసారి జరిగే వాహన తనిఖీ ఖర్చుతో కూడుకున్న పని. అందుకని చాలామంది చక్కగా నడుస్తున్న బండిని కూడా వదిలించుకుంటారు. అలాంటి కార్లు, వ్యాన్లు, ట్రక్కులు ఓడలెక్కి పరాయి దేశాలకు చేరతాయి. కుడివైపు నడక ఉన్న దేశాల్లో కొన్నిచోట్ల వాటి స్టీరింగ్ ను ఎడమవైపుకు మార్చి అమ్ముతారు.

ఫిలిప్పీన్స్ దేశాన్నే ఉదాహరణగా తీసుకుందాం. ఆ దేశం 1945లో ఎడమ నడక నుండి కుడి నడకకు మారింది. కుడివైపు స్టీరింగ్ ఉన్న వాహనాలను రిజిస్టరు చేయడాన్నీ, రోడ్లపై నడపడాన్నీ 1998లో చేసిన 8506వ నంబరు చట్టం నిషేధించింది. కాబట్టి జపాను నుండి వచ్చిన బండి రోడ్డెక్కాలంటే స్టీరింగ్ మారక తప్పదు. 1992 వరకు అమెరికా నౌకాదళ స్థావరంగా ఉండిన సూబిక్ రేవు ఈ పాత వాహనాల వ్యాపారానికి కేంద్రమయింది. 2002 డిసెంబరులో ప్రభుత్వం కొన్ని మినహాయింపులతో పాత వాహనాల దిగుమతిని నిషేధించింది. స్థానిక వాహన పరిశ్రమను కాపాడటం దాని ప్రధానోద్దేశం. వ్యాపారులు కోర్టుకెక్కారు. సూబిక్ లో కంచె వేసిన స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం లోపల తప్ప మిగతా దేశమంతటా ఆ నిషేధం చెల్లుతుందని 2006లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

చట్టం పరిశ్రమ సంగతి చూసింది. అయితే విశ్వాసి అయినవాడు వేసుకోవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఇలాంటి బండిని కొనడం, అమ్మడం, అందులో జనాన్ని ఎక్కించడం ధర్మం దృష్టిలో ఎలాంటిది?

ముందుగా పనిని అర్థం చేసుకోవాలి. స్టీరింగ్ మార్చడమంటే చక్రాన్ని ఇటు ఊడదీసి అటు బిగించడం కాదు. చక్రం నుండి ముందు టైర్ల వరకు ఉన్న యంత్రాంగమంతా మారాలి. బ్రేకు, క్లచ్ పెడళ్ళు స్థలం మారాలి. ఇంజనుకూ మనుషులు కూర్చునే చోటుకూ మధ్యనున్న ఇనుప రేకును కోసి, కొత్త రంధ్రాలు చేసి, పాతవాటిని వెల్డింగుతో మూయాలి. డ్యాష్ బోర్డు, వైర్లు, వైపర్లు, ఎయిర్ బ్యాగులు అన్నింటినీ సరిచేయాలి. హెడ్ లైట్లు కూడా మార్చాలి. ఎడమ నడక కోసం చేసిన లైటు ఎడమ అంచున ఎక్కువ దూరం వెలుగునిస్తుంది, ఎదురొచ్చే బండి వైపున వెలుగును దించుతుంది. అదే లైటును కుడి నడక ఉన్న రోడ్డుపై వాడితే ఆ వెలుగు తిన్నగా ఎదుటి డ్రైవరు కళ్ళలో పడుతుంది.

ఇంతకన్నా ఆలోచించదగిన విషయం వ్యాను తలుపు. జపాను వ్యాన్లలో పక్కకు జరిపే తలుపు ఒకటే ఉంటే, అది ఎడమవైపున, అంటే రోడ్డు అంచు వైపున ఉంటుంది. కుడి నడక ఉన్న దేశంలో అదే తలుపు రోడ్డు మధ్యకు తెరుచుకుంటుంది. డ్రైవరు కూర్చునే చోటు మార్చారు. కాని పిల్లవాడి చెయ్యి పట్టుకుని దిగే తల్లి వేగంగా వచ్చే బండ్ల మధ్యకే దిగుతోంది!

ఇక అమ్మేవాడి సంగతి. ఒకసారి దైవప్రవక్త (సఅసం) బజారులో ఒక ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వాన పడి తడిసిందని వర్తకుడు చెప్పాడు. ఆ తడిసిన ధాన్యాన్ని జనానికి కనబడేలా పైనే ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు, మోసం చేసేవాడికి తమతో సంబంధం లేదని హెచ్చరించారు. గమనించండి, వాన ఆ వర్తకుడు కురిపించింది కాదు. లోపం అతను కలిగించింది కాదు. దాచడమే అతని నేరం. మార్చిన వాహనం విషయంలో వెల్డింగు మీద రంగు పూసి, కొత్త తొడుగు వేసి, ఏమీ ఎరగనట్టు అమ్మేవాడు ఆ తడి ధాన్యాన్ని అడుగుకు నెట్టినవాడే. సరుకులో దాచిన లోపం తర్వాత బయటపడితే దాన్ని తిరిగి ఇచ్చివేసే హక్కు కొన్నవాడికి ఉందని ధర్మశాస్త్రవేత్తలు చెప్పింది ఇందుకే.

సరే, అమ్మేవాడు అన్నీ విప్పి చెప్పాడనుకుందాం. కొనేవాడు తెలిసే ఒప్పుకున్నాడు. డబ్బు ఇచ్చాడు, బండి పుచ్చుకున్నాడు. ఇద్దరి మధ్య దాపరికం లేదు. ఇక బాధ్యత తీరిపోయినట్టేనా?

తీరదు. కొనేవాడు తన డబ్బు గురించి ఒప్పుకోగలడు. తన ప్రాణాన్ని కూడా ప్రమాదంలో పడవేసే హక్కు అతనికి లేదు, అది అల్లాహ్ అప్పగించిన అమానతు. మరి ఎదుటి నుండి సైకిలు మీద వచ్చేవాడి తరఫున అతనెలా ఒప్పుకుంటాడు? ఆ బేరం జరిగినప్పుడు సైకిలువాడు అక్కడ లేడు. వ్యానులో ఎక్కబోయే తల్లీ లేదు. దైవప్రవక్త (సఅసం) ఒక ఓడ ఉపమానం చెప్పారు. కింది అంతస్తువాళ్ళు నీళ్ళ కోసం మాటిమాటికీ పైకి వెళ్ళడం దేనికని తమ భాగంలో రంధ్రం చేసుకోదలిచారు. పైవాళ్ళు ఊరుకుంటే అందరూ మునుగుతారు, ఆపితే అందరూ బతుకుతారు. "నా డబ్బు, నా బండి" అనేవాడి మాట ఆ కింది అంతస్తువాళ్ళ మాటే. రోడ్డు కూడా అందరం కలిసి ఎక్కిన ఓడే.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. కొత్త బండి కొనగలిగినవాడికి ఈ నీతులు సులువే, పేదవాడి మాటేమిటి? చౌకగా దొరికిన వ్యానుతోనే అతను ఇల్లు నడుపుతున్నాడు కదా? ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. హలాలు సంపాదన కోసం శ్రమించేవాడి అవసరం గౌరవించదగినది. కాని ఆ వ్యానులో ఎక్కేవాళ్ళు మాత్రం ధనవంతులా? వాళ్ళూ పేదలే. ఒక పేదవాడి అవసరానికి మరో పేదవాడు ప్రాణంతో ధర చెల్లించాలంటే అది న్యాయం కాదు. పైగా ఈ విషయంలో మొదటి దోషి ఆ పేదవాడు కాడు. పని తెలిసీ సగంలో వదిలేసిన వర్క్ షాపు యజమాని, లాభం తీసుకుని పక్కకు తప్పుకున్న దిగుమతిదారు, లంచం పుచ్చుకుని కాగితంపై సంతకం పెట్టిన తనిఖీ అధికారి, వీరి భారం అతనికన్నా ఎక్కువ.

కాబట్టి మా అభిప్రాయం ఇది. స్టీరింగ్ మార్చడం దానంతట అదే అధర్మం కాదు. దేశ చట్టం అనుమతిస్తే, పని పూర్తిగా జరిగితే, తెలిసినవాడు పరీక్షించి చూస్తే, లోపాలు దాచకుండా చెబితే, అది కూడా ఒక వ్యాపారమే. చౌకలో మిగిలిన డబ్బు నుండి ముందుగా బ్రేకులకూ, లైట్లకూ ఖర్చు పెట్టాలి. తలుపు మార్చడం సాధ్యం కాని వ్యానులో మనుషులను కాక సరుకులను తీసుకెళ్ళాలి. ఆదాయం కాస్త తగ్గవచ్చు, కాని రాత్రి నిద్ర పడుతుంది. ఇవేవీ చేయలేనప్పుడు ఆ బేరాన్ని వదులుకోవడమే దైవభీతికి తగిన పని.

ఈ కొలమానం పరాయి దేశాలకే పరిమితం కాదు. మన ఊళ్ళో సెకండ్ హ్యాండ్ బండి మీటరును వెనక్కి తిప్పి అమ్మేవాళ్ళు లేరా? ప్రమాదంలో నలిగిన బాడీని సాపు చేసి, వరద నీటిలో మునిగిన ఇంజనును తుడిచి, ఏ దెబ్బా తగలని బండి అని చెప్పేవాళ్ళు లేరా? బండి అమ్మేటప్పుడు ఒక్క క్షణం ఆగి, దీన్ని మన తమ్ముడికైతే ఇలాగే అమ్ముతామా అని మనల్ని మనం ప్రశ్నించుకుందాం.

దారిలో జనానికి బాధ కలిగించే వస్తువును తొలగించడం కూడా విశ్వాసంలో ఒక భాగమని దైవప్రవక్త (సఅసం) మనకు నేర్పారు. ముల్లు తీసి పక్కన పడేసినవాడికే పుణ్యం ఉంటే, తెలిసి తెలిసి దారిలోకి ప్రమాదాన్ని తోలుకొచ్చినవాడు రేపు అల్లాహ్ ఎదుట ఏమని సమాధానం చెబుతాడు?

చౌక బేరాల్లో పరుల ప్రాణాలను తాకట్టు పెట్టని నిజాయితీని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.